మాకు నిండింది

పొద్దున ఎనిమిదింటికి రాజశ్రీ చాట ముందటేసుకొని కూసుంటది. నానవెట్టిన తునికాకును కత్తిరించి, చిటికెడు తంబాకు పోసి, చుట్టి, దారం కడ్తది. ఎల్లారెడ్డిల ఆ గల్లీల ఆడోళ్ళందరి పని అదే, ముచ్చట్లు చెప్పుకుంట బీడీలు చేసుడు. పన్నెండు కొట్టంగనె చాట పక్కకు జరిపి స్టవ్ ముట్టిస్తది. ఒంటిగంటన్నరకు అన్నం తలె ముందట కూసుంటది. సరిగ్గ అప్పుడే ఫోను మోగుతది.

“తిన్నవా?” అని అడుగుతడు నగేశ్, మస్కట్ నుంచి.

“కూసున్న. ఇగ తింట.”

చక్కెర డబ్బాకు ఆనిచ్చిన ఫోనుల మొగని మొకం చూసుకుంట ఆమె తింటది. అక్కడ ఆయన ముందట తలె ఉండదు. ఊకెనె కూసుంటడు. ఇక్కడ ఈమె బుక్క మింగుతుంటె అక్కడ ఆయన కడుపు నిండుతది. రుచి పోదు, నిండుడే పోతది. అందుకే “ఏం కూర?” అని అడుగుతడు, చెప్తె తేన్చుతడు. తన కడుపు నిండినంక ఆయన కడుపు కోసం రాజశ్రీ మళ్ళ పెట్టుకుంటది. ఆఖరికి ఆయన “మనకు నిండింది, ఇగ లే” అంటేనె లేస్తది. ఆరేండ్ల సంది ఇదే నడుస్తుంది.

ఎట్ల మొదలైందంటె, నగేశ్ మొదటిసారి పోయినప్పుడు క్యాంపుల మూడు దినాలు వంట గది తెరువలేదట. ఇక్కడ రాజశ్రీకి ఆ మూడు దినాలు ఏడుపాగలేదు. ఏడ్చుకుంటనె తిన్నది, తిన్నంక మళ్ళ పెట్టుకొని తిన్నది. నాలుగో నాడు ఆయన ఫోన్ చేసి, “నేనేం తినలేదే, కడుపు మాత్రం గట్టిగ నిండి ఉన్నది. నువ్వేమన్న తిన్నవా?” అని అడిగిండు. “రెండుసార్లు తిన్న,” అన్నది. ఇద్దరికీ సమజైంది.

ఇదేం దాచిపెట్టిన ముచ్చట కాదు. అత్త భూదవ్వే గల్లీలందరికి చెప్పింది. “మొగడు పంపితె పెండ్లాం తినుడు అందరిండ్లల్ల ఉన్నదే. మా ఇంట్ల పెండ్లాం తింటె మొగనికి నిండుతది,” అని. అందరు మంచిదే అన్నరు. మటన్ కొట్టె బాలయ్య తక్కెట్ల ఇంకో తునక ఏసి, “ఇది నగేశుకు,” అనెటోడు. పక్కింటి భూమక్క బీడీలు చుట్టుకుంట, “నీ మొగడు ఇయ్యాల కోడి తిన్నడా, చాప తిన్నడా?” అని అడిగేది. ఇదెట్లయితదని మాత్రం ఎవ్వలు అడుగలేదు.

అబద్ధమెందుకు, మొదట్ల రాజశ్రీకి సుత ఇది బాగనే ఉండె. పెండ్లయినంక రెండేండ్లే కలిసి ఉన్నరు. ఇప్పుడు దినాం ముప్పావు గంట మొగడు ఎదురుంగ కూసుంటుండు, తను తినేది ఆయన కడుపుల పడుతుంది. అంతకన్న దగ్గర ఎట్లయితరు? అయితె నాలుగో యేడు నుంచి ఆయనకు నిండుడు ఆలస్యం కాబట్టింది. రెండు తలెలు మూడైనయి, మూడు నాలుగైనయి. “ఎండల పని గదనే, ఆకలెక్కువైతుంది. ఇంకో రెండు బుక్కలు తిను,” అనెటోడు. ఈమె తినేది. అన్నం వండె చిన్న గంజు అటకెక్కింది, పెద్ద గంజు దిగింది. జాకెట్లు కుట్లిప్పి కుట్లిప్పి, ఇగ ఇప్పెటందుకు కుట్లే లేకుంటైనయి. చాట ఒడిల పట్టకపోతె పీట మీద పెట్టుకొని పని చేయబట్టింది.

నిండుడు ఆయనకు, ఒళ్ళు ఈమెకు. రెండేండ్ల కింద లీవు మీద వచ్చినప్పుడు నగేశ్ ఎట్ల పోయినోడు అట్లనే ఉన్నడు, సన్నగ, నీటుగ. ఈమెను చూసి “ఇట్లయితివేందే!” అని పకపక నవ్విండు. నవ్వి, దోస్తులతోని బాన్సువాడ పోయిండు. ఆ నవ్వు రాజశ్రీకి గుండెల ముల్లు లెక్క కూసున్నది. అయినా ఆయన తిరిగి పోంగనె మళ్ళ ఒంటిగంటన్నరకు తలె ముందట కూసున్నది.

తినేటప్పుడు నాలుకకు ఏం తెలిసేది కాదు. బుక్క పెట్టుడు, మింగుడు, ఫోను దిక్కు చూసుడు. ఫోను బందైనంక సుత చెయ్యి ఆగకపోయేది. నాలుగింటికి అటుకులు, ఆరింటికి మిర్చి బజ్జీలు. అవి ఎవ్వల కడుపుల పోయేటియో ఆమెకే తెల్వదు.

పోయిన వానకాలం ఎడమకాలు చిటికెనవేలికి పుండై మానలేదు. షుగర్ అన్నరు. కామారెడ్డి దవాఖానల వేలు తీసేసిన్రు. ఇప్పుడు దాని పక్క వేలి కింద మళ్ళ నల్లబడ్డది. వారం వారం పోయి పట్టీ కట్టిచ్చుకోవాలె.

ఒక బుధవారం కామారెడ్డి బస్సుల ఆధార్ కార్డు చూపిచ్చి టికెట్ తీసుకుంటుంటె, కండక్టరమ్మ ఆమె కడుపు చూసి ముందు సీట్ల పిల్లను లేపింది. “కూసో అమ్మా. ఎన్నో నెల?” అని అడిగింది.

“ఆరో ఏడు,” అన్నది రాజశ్రీ.

బస్సుల ఉన్నోళ్ళు నవ్విన్రు. రాజశ్రీ కిటికీ దిక్కు మొకం తిప్పుకున్నది. లింగంపేట దాటినంక గాని కండ్లు తుడుచుకోలేదు.

దవాఖానల పట్టీ కట్టె మరియ సిస్టర్ నెత్తి నెరిసిన మనిషి, మాట కటువు, చెయ్యి మెత్తన. పుండు చూసి నాలుక చప్పరిచ్చింది.

“ఈసారి వేలుతోని ఆగదు, పాదం పోతది. గోలీలు మింగుతనే ఉన్నవు, మరి షుగర్ ఎందుకు దిగుతలేదు? ఎంత తింటున్నవు?”

రాజశ్రీ చెప్పింది. నగేశ్ సంగతి సుత చెప్పింది. సిస్టర్ అన్నీ విని, పట్టీ కొస ముడేసింది.

“ఒక్క మొగోడు ఇంత తింటడా? పోనియ్యి. నీకు ఆకలెప్పుడైతది?”

“ఒంటిగంటన్నరకు.”

“అది ఆయనది. నీదెప్పుడు?”

రాజశ్రీ ఆలోచించింది. ఎంత ఆలోచించినా యాదికి రాలేదు. ఆకలైతె కడుపుల ఎట్లుంటదో అదే మర్చిపోయింది. ముప్పై నాలుగేండ్ల మనిషి, నాకు ఆకలి తెల్వదని ఎవ్వలకు చెప్పుకుంటది? సిగ్గుతోని తల వంచుకున్నది.

“ఇగో విను,” అన్నది సిస్టర్. “మూడు పూటల జరంత జరంత తిను. ఆయన ఆకలికి తినకు. నీది ఎప్పుడొస్తదో చూస్తుండు. వచ్చినంక దానికెంత కావాల్నో అంతే పెట్టు.”

“మరి ఆయన?”

“ఆయనకు చేతులు లేవా?”

బస్టాండ్ల ఎల్లారెడ్డి బస్సు కోసం కూసున్నప్పుడు పక్కన ఒకామె సమోస తింటుంది. సగం తిని, మిగిలిన సగం కాయిదంల చుట్టి సంచిల పెట్టుకున్నది. రాజశ్రీ ఆమెనే చూసుకుంట ఉండిపోయింది. ఇగ చాలని ఆమెకు ఎట్ల తెలిసింది? ఎవ్వలు చెప్పిన్రు? అడుగబుద్ధయింది గాని, పిచ్చిదనుకుంటదని అడుగలేదు.

శుక్రవారం నగేశుకు సెలవు. ఆ మధ్యాహ్నం రాజశ్రీ ఒక్క జొన్నరొట్టె, ఇంత పుంటికూర పెట్టుకొని కూసున్నది. పాదం సంగతి మొగనికి మెల్లగ చెప్పాలనుకున్నది. ఫోనుల మొకం కనవడంగనె అది చెప్పకుండనె తలె దగ్గరికి గుంజుకున్నది. రొట్టె అయిపోంగనె చెయ్యి దానంతటదే గంజుల పడ్డది. రెండో తలె, మూడో తలె.

“నిండిందా?” అని అడిగింది ఆయాసపడుకుంట.

“ఆఁ, మాకు నిండినట్టే. ఇంకో రెండు బుక్కలు తింటె సతీశ్ గానికి సుత...” అని నగేశ్ నాలుక కరుచుకున్నడు.

రాజశ్రీ చెయ్యి ఆగింది. ఐదో తరగతి దాకనే చదివింది గాని, మనకూ మాకూ తేడా తెల్వని తెలుగు మనిషి ఉంటదా? మనకు అంటె నువ్వు, నేను. మాకు అంటె నువ్వు కాదు, మేము. ఆరేండ్ల సంది మనకు మనకు అన్న నోరది.

“మాకు అంటె ఎవలకు?”

“ఏందే, మాట జారింది.”

“మాకు అంటె ఎవలకయ్యా?”

నగేశ్ పెద్దగ దాచలేదు. దాచేటంత తప్పని ఆయనకు అనిపియ్యలేదు కావచ్చు. రూముల ఆరుగురు ఉన్నరు. మూడేండ్ల కింద ఒకనాడు సతీశ్ ఈయన చెయ్యి ఊకెనె పట్టుకొని కూసుంటె వానికి సుత కడుపు నిండిందట. అప్పటిసంది ఒంటిగంటన్నరకు ఐదుగురు చుట్టు కూసోని ఈయన చెయ్యి పట్టుకుంటరు, ఫోనుల కనవడకుండ. రూముల వంట లేదు, గిన్నెలు తోముడు లేదు. బదులుగ వాళ్ళు ఈయన బట్టలు పిండుతరు. ఏసీ కింది మంచం ఈయనకు ఇచ్చిన్రు.

“వండుకునెటందుకు అక్కడ స్టవ్ లేదా?”

“ఉన్నది. డ్యూటీ చేసొచ్చి వండే ఓపిక ఎవ్వలకున్నది? నీకేమే, ఇంట్ల కూసోని తినుడేనాయె.”

రాజశ్రీకి ఒళ్ళు మండింది. “నా వేలు తీసేసిన్రు. పాదం తీసేస్తమంటున్నరు. నీ ఏసీ మంచం పాడుగాను, దానికోసమా?” అని అరిచింది. భూమక్క ఇంట్ల చాట మీద చేతులు ఆగినయి.

“అట్లెందుకంటవే? మందులు మింగుతలేవా?” అన్నడు నగేశ్.

ఫోను కట్ చేసింది. తలెల అన్నం ఉన్నది. దాన్ని సుత తిన్నది. కోపంతోని తిన్నది, ఏడ్చుకుంట తిన్నది, గంజు అడుగు దాక తిన్నది. మస్కట్ల ఆరుగురికి ఆ నాడు ఎంత నిండిందో వాళ్ళకే తెలియాలె.

తెల్లారి అటక మీద చిన్న గంజు దింపి తోముకున్నది. ఫోను మోగితె ఎత్తలేదు. ఒంటిగంటన్నర కాంగనె చేతులు గుంజేటియి, బీడీ చుట్టబోతె ఆకు చినిగేది. నాలుగింటికి అటుకుల డబ్బా ముందట నిలబడి తనను తానే తిట్టుకునేది. రెండుసార్లు డబ్బానే గెలిచింది. అయినా తినకుండ ఉండుడుకన్న ఫోను ఎత్తకుండ ఉండుడే ఎక్కువ కష్టమైంది. తినకపోతె మాటల్లేవు, మాటల్లేకపోతె మొగడు లేడు. ఆ సంసారమంత ఆ ముప్పావు గంటలనే ఉండె. ఆ సంగతి ఆమెకు అప్పుడే తెలిసింది.

నగేశ్ తల్లికి ఫోన్ చేసిండు. భూదవ్వ నెత్తి కొట్టుకున్నది.

“నా కొడుకును ఎండవెడ్తవానె?”

“నువ్వు తిని చూడరాదా అత్తా? కన్నతల్లివి గద.”

“నాకెక్కడ అరుగుతది బిడ్డా,” అని భూదవ్వ మంచంల అటు తిరిగి పండుకున్నది. ఆరేండ్లల్ల ఆమె ఒక్కనాడు సుత తిని చూడలేదు.

తొమ్మిదో నాడు, పొద్దున పదకొండింటికి, బీడీలు కట్ట కడుతుంటె రాజశ్రీ కడుపుల ఏందో గీరినట్టయింది. కొత్త రోగమేమొనని భయపడ్డది. ఇంతల నోట్లె నీళ్ళూరినయి. అప్పుడు సమజైంది, ఇది ఆకలి. తన ఆకలి. ఒంటిగంటన్నరది కాదు, మస్కట్‌ది కాదు. చాట ఇడిచిపెట్టి లేచి, రొట్టె మీద పప్పేసుకొని కూసున్నది. మొదటి బుక్కకే మొకం చిట్లిచ్చింది.

“అత్తా, పప్పుల ఉప్పు ఎక్కువైంది గద!”

“ఆరేండ్ల సంది ఎక్కువే,” అన్నది భూదవ్వ మంచంలకెల్లి. “నీకు తెలుసనుకున్న.”

రాజశ్రీకి నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. ఆరేండ్లు తిన్నది, ఒక్కనాడు రుచి చూడలేదు. రొట్టె సగమైనంక కడుపు ఇగ చాలన్నది. కడుపు అట్ల చెప్తదని సుత మర్చిపోయి ఉండె. మిగిలిన సగం మీద మూత పెట్టి, చాలాసేపు ఆ మూత దిక్కే చూసింది.

నెల తిరిగేసరికి పుండు నలుపు పోయి ఎర్రబడ్డది. మరియ సిస్టర్ పట్టీ ఇప్పి, “మానుతుంది. పాదం దక్కింది నీకు. మళ్ళ మొదటికి తెచ్చుకుంటె మాత్రం నా దగ్గరికి రాకు,” అన్నది.

ఆ శుక్రవారమే ఎంకవ్వ వచ్చింది. సతీశ్ తల్లి, నస్రుల్లాబాద్ మనిషి. బాన్సువాడల బస్సు మారి, నాలుగు గిన్నెల టిఫిన్ డబ్బా ఒడిల పెట్టుకొని వచ్చింది. కూలికి పోయి పోయి ఎండిన బక్క పానం. ఎవ్వలని అడిగితె పేరు చెప్పింది, చెప్పుకుంటనె డబ్బా ఇప్పింది. కోడికూర, బగార అన్నం, గారెలు, సేమియా.

“మావోనికి ఇవంటె పానం బిడ్డా. నెల దినాల సంది పస్తులుంటున్ననని ఫోన్ల ఏడుస్తుండు. నీ కాళ్ళు మొక్కుత, నాలుగు బుక్కలు తిను.”

నిజంగనె కాళ్ళ మీద పడబోయింది. పట్టీ చూసి ఆగింది.

“అక్కడ స్టవ్ ఉన్నదవ్వా, బియ్యమున్నయి. వండుకునెటందుకు వాళ్ళకు బద్ధకం.”

“ఉండొచ్చు బిడ్డా. అది నేను పెట్టింది కాదు గద.”

కోడికూర వాసన ఇల్లంత కమ్ముకున్నది. రాజశ్రీ నోట్లె నీళ్ళూరినయి. నాలుగు బుక్కలే గద, నాలుగు తింటె ఏమైతది అనిపించింది. చెయ్యి లేచింది. లేచిన చెయ్యిని చూసి ఎంకవ్వ మొకం విచ్చుకున్నది. ఆ మొకం చూడంగనె రాజశ్రీకి కోపం పొంగింది. ఎవ్వల మీదనో ఆమెకే తెల్వదు.

“నేను తినను! నీ కొడుకు గద, నువ్వే తినరాదు?”

అది కోపంల అన్న మాట. ఎంకవ్వ మాత్రం దాన్ని సలహా అనుకున్నది.

“నేను తింటె సుత పోతదా?” అని అడిగింది. “అయ్యో, ఇన్నొద్దులు నాకెవ్వలు చెప్పలేదేం?”

కొంగుతోని చెయ్యి తుడుచుకొని, కొడుక్కు ఫోన్ కలిపి పక్కన పెట్టుకొని, తినబట్టింది. కొడుక్కు పెట్టి పెట్టి తను తొక్కు మెతుకులతోని బతికిన మనిషి, అంత కూర ఒక్కసారి ఎన్నడు తిన్నదో! నాలుగో బుక్కకు ఫోన్ల సతీశ్ కేకేసిండు.

“అవ్వా, వస్తుందే! కడుపుల పడుతుంది!”

ఎంకవ్వ కండ్లకెల్లి నీళ్ళు కారినయి. “నాలుగేండ్లాయె కొడుకా నీకు బువ్వ పెట్టక,” అనుకుంట ఇంకో బుక్క పెట్టుకున్నది. ఒక గిన్నె అయిపోయింది. రెండో గిన్నె మొదలువెట్టింది. అప్పుడు ఫోన్ల వెనుకకెల్లి ఇంకో గొంతు వినవడ్డది.

“అందరం పట్టుకున్నంరా. అవ్వను ఇంకో రెండు బుక్కలు తినుమను.”

అది నగేశ్ గొంతు. ఎంకవ్వ ఎవలింట్ల కూసున్నదో ఆయనకు తెలుసు. ఆ ఇంటామె కాలు ఎట్లున్నదని అడుగలేదు, పేరు సుత ఎత్తలేదు.

రాజశ్రీ దబ్బున ఎంకవ్వ మణికట్టు పట్టుకున్నది.

“చాలవ్వా, ఇగ చాలు. నా కాలు చూడు. నువ్వెంత తిన్నా వాళ్ళకు నిండదు. నిన్నే తింటరు.”

ఎంకవ్వ కాలు దిక్కు చూసింది. లేని వేలు చూసింది, పట్టీ చూసింది. ఆమె మొకంల భయం లేదు.

“ఇడువు బిడ్డా,” అన్నది మెల్లగ. “నీకు మొగడు. నాకు కొడుకు.”

రాజశ్రీ వేళ్ళు వదులైనయి. పట్టుకునెటందుకు బలం లేక కాదు. ఇడిస్తె ఆ బరువు తన మీదికెల్లి పోతదని ఆ ఘడియల తెలిసింది. తెలిసే ఇడిచింది. ఆ సంగతి తర్వాత ఎన్నడు ఎవ్వలకు చెప్పుకోలేదు.

ఇంతల ఆమెకు ఆకలైంది. పాడు ఆకలి, అప్పుడే కావాల్నా? లోపలికి పోయి ఒక రొట్టె, ఇంత కూర తెచ్చుకొని ఎంకవ్వ ఎదురుంగ కూసున్నది. ఇద్దరు తిన్నరు. ముప్పావు రొట్టెకు రాజశ్రీకి నిండింది. పెరట్ల చెయ్యి కడుక్కొని వచ్చేసరికి ఎంకవ్వ మూడో గిన్నె ఇప్పుతుంది.